అవార్డు వచ్చాక

చి. బంగారుకి, చిక్కడపల్లి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మొదటి నవలకి అవార్డు వచ్చిందని తెలిసి నా కాళ్లు నేల మీద నిలవలేదు. టీనేజ్ పిల్లల కోసం రాసేవాళ్లు మన తెలుగులో ఎంతమంది ఉన్నారని! కానీ ఉద్యోగం మానేస్తానంటున్నావట, మీ అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది. అప్పుడే మానకు తల్లీ.

సాహిత్య అకాడమీ 2010లో బాల సాహిత్య పురస్కారం, 2011లో యువ పురస్కారం మొదలుపెట్టింది. ఏది వచ్చినా చేతికందేది 50,000 రూపాయలు. హైదరాబాద్‌లో అద్దె కట్టుకుని బతికేవాళ్లకి అది ఎన్ని నెలలొస్తుందో లెక్క వేసుకో. పైగా యువ పురస్కారానికి 35 ఏళ్లు దాటకూడదన్న నియమం రాసేవాళ్లకే, చదివేవాళ్ల వయసుతో దానికి పని లేదు. అమెరికాలో లైబ్రరీల సంఘం 2000 నుంచి టీనేజ్ పుస్తకాలకే ప్రింట్జ్ అవార్డు ఇస్తోంది. మన దగ్గర పదిహేనేళ్ల పిల్లలు అటు బాలసాహిత్యానికీ ఇటు పెద్దల నవలకీ మధ్య ఉండిపోయారు. నువ్వు రాస్తున్నది వాళ్ల కోసం. అందుకే వాళ్లని వదలకు.

నా రెండో నవల ప్రెస్‌కి వెళ్లేముందు, పక్క వాటాలో పదో తరగతి చదివే అమ్మాయికి ప్రింటవుట్ ఇచ్చాను. మెట్ల మీద కూర్చుని, జడ కొస నోట్లో పెట్టుకుని చదివింది. ఒకచోట ఆగి, లైన్ కింద గోరుతో గీసింది. "ఆంటీ, అమ్మ కొట్టాక ఈ పిల్ల ఇంత డైలాగ్ చెప్పదు. బాత్రూంలోకెళ్లి కుళాయి తిప్పుకుంటుంది" అంది. ఏడుపు బయటికి వినపడకుండా అన్నమాట. ఒకటిన్నర పేజీ కొట్టేసి కుళాయి శబ్దం మాత్రం ఉంచాను. ఇన్నేళ్లయినా చదివినవాళ్లు ఆ చోటే గుర్తుచేస్తారు.

ఇంకోటి, అగ్రిమెంట్ లేకుండా పుస్తకం ఇవ్వకు. నా మొదటి పుస్తకం నోటిమాట మీద ఇచ్చాను. మళ్లీ అచ్చేశారని ఎన్టీఆర్ స్టేడియం బుక్ ఫెయిర్‌లో స్టాల్ ముందు నిలబడినప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ రోజు ఎంత ఏడ్చానో! ఎన్ని కాపీలు, రాయల్టీ ఎంత, అనువాదం, ఆడియో హక్కులు ఎవరివి, అన్నీ కాగితం మీద ఉండాలి.

కొత్త నవల మొదటి అధ్యాయం అవగానే తీసుకురా. ఆ అమ్మాయి డిగ్రీకొచ్చింది, వాళ్ల తమ్ముడు తొమ్మిదిలో ఉన్నాడు. వాడికి పుస్తకమంటేనే పడదు. ముందు వాడికే వినిపిద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ