మైనర్ లీగ్ కుర్రాళ్ళకు ర్యాంకులు వేస్తానంటున్న మా అబ్బాయికి

చి॥ చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి అరగంట క్లాసు పీకాడు. "అంతా నీ చలవే అన్నయ్యా. క్రికెట్ చూసుకుంటూ బుద్ధిగా ఉన్నవాడికి బేస్‌బాల్ పిచ్చి ఎక్కించావు. ముప్ఫై మేజర్ లీగ్ టీముల్లో ఎవరి కింది జట్లలో, అంటే మైనర్ లీగుల్లో, మంచి కుర్రాళ్ళున్నారో లెక్కగట్టి ర్యాంకులు వేస్తాడట, న్యూస్‌లెటర్ పెడతాడట" అని. సగం తిట్టు, సగం మురిపెం. నా పరిస్థితీ అదే. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆటతో సంబంధం లేని మాట. న్యూస్‌లెటర్‌కి చందా పెడతానన్నావట. వద్దు. నువ్వు హెచ్-1బీ మీద ఉన్నావు, నీ కంపెనీలో తప్ప ఇంకెక్కడా పనిచేసి సంపాదించకూడదు. నెలకి అయిదు డాలర్లే కదా అంటావు. అయిదైనా సంపాదనే. గ్రీన్‌కార్డు లైన్లో ఇన్నేళ్ళు నిలబడి, చివర్లో ఆ అయిదు డాలర్లకి సంజాయిషీ చెప్పుకునే గతి తెచ్చుకోకు. ఊరికే రాసుకో, అదీ లాయర్ని అడిగాకే. ఈ ఒక్క విషయంలో నాతో వాదించొద్దు.

రెండోది రాత్రి డ్రైవింగ్. బెంటన్‌విల్‌లో ఉండటం నీ అదృష్టం. మన కాన్సాస్ సిటీ రాయల్స్ వాళ్ళ డబుల్-ఏ (మేజర్ లీగ్‌కి రెండు మెట్ల కింద) జట్టు నేచురల్స్, మీ పక్కనే స్ప్రింగ్‌డేల్‌లో ఆడతారు. టల్సాలో డాడ్జర్స్ కుర్రాళ్ళు, మిస్సోరీ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కార్డినల్స్ వాళ్ళు, నార్త్ లిటిల్‌రాక్‌లో మెరైనర్స్ వాళ్ళు, అందరూ ఒక పూట ప్రయాణంలోనే. కానీ మ్యాచ్ అయ్యేసరికి రాత్రి పది, ఆ కొండదారుల్లో జింకలు ఎప్పుడు అడ్డం దూకుతాయో తెలీదు. టల్సా వెళ్తే అక్కడే పడుకో. హోటల్ డబ్బులు నేనిస్తాను, మీ నాన్నకి చెప్పకు.

ఇక పని. 2021లో మైనర్ లీగులు కుదించాక మిగిలిన 120 జట్లలో ఏది ఎవరిదో, ఎవరు ఏ మెట్టు మీదున్నారో పట్టిక రాసుకోవడం నీకు నేర్పక్కర్లేదు. వయసు చూడకుండా స్కోరు చూడకు. డబుల్-ఏలో 19 ఏళ్ళవాడు .260 బ్యాటింగ్ సగటు కొట్టడం, 25 ఏళ్ళవాడు .310 కొట్టడం కంటే పెద్ద విషయం. ఊరు కూడా చూడు. ఆల్బకర్కీ, రీనో ఎత్తు మీద ఉన్న ఊళ్ళు, గాలి పలచన, బంతి ఊరికే ఎగిరిపోతుంది. అక్కడి హోమ్ రన్లకి మురిసిపోకు, అక్కడి పిచర్లని (బంతి వేసేవాళ్ళని) తొందరపడి తిట్టకు.

నేను అసలు రాయాలనుకున్నది 2011 సంగతి. అప్పటికి నువ్వు గుడివాడలో స్కూలుకెళ్తున్నావు. ఇక్కడ రాయల్స్ 1985లో గెలిచిన తర్వాత మళ్ళీ ప్లేఆఫ్ ముఖం చూడలేదు. టికెట్లు చవక, సగం స్టేడియం ఖాళీ. మీ పెద్దమ్మ స్టేడియంలో ఫౌంటెన్ల కోసం వచ్చేది, స్కోరు కోసం కాదు. అలాంటి రోజుల్లో బేస్‌బాల్ అమెరికా పత్రిక వాళ్ళ టాప్ 100 కుర్రాళ్ళ జాబితా వచ్చింది. తొమ్మిది మంది మావాళ్ళే! మొదటి ఇరవైలో అయిదుగురు. ఇంత గొప్ప ఫార్మ్ సిస్టమ్ (కుర్రాళ్ళని తయారుచేసే కింది జట్ల వరస) చరిత్రలోనే లేదని ఒకరి తర్వాత ఒకరు రాశారు. మా ఆఫీసులో కాఫీ దగ్గర, 2014కల్లా ఎవరు ఏ రోజు పిచింగ్ చేస్తారో కాగితం మీద వేసేసుకున్నారు. నారుమడి పచ్చగా ఉందని గాదె కట్టించుకున్నట్టు.

ఆ తొమ్మిది మందిలో అయిదుగురు పిచర్లు, అందులో నలుగురు ఎడమచేతివాళ్ళు. ఏమయ్యారో ఒక్కొక్కరినీ చూడు. జాన్ ల్యాంబ్ 2011 జూన్‌లోనే మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ (తెగిన లిగమెంటు మార్చేది) చేయించుకున్నాడు, ఆ తర్వాత పాత వేగం రాలేదు. మైక్ మాంట్‌గోమరీ పైజట్టుకి ఒక్క మెట్టు కింద, ఒమాహాలో రెండేళ్ళు తన్నులు తిన్నాడు. క్రిస్ డ్వయర్ మేజర్ లీగ్‌లో ఆడినవి రెండే రెండు మ్యాచ్‌లు. జేక్ ఒడరిజీ బాగానే పైకొచ్చాడు గానీ, రాయల్స్ బట్టల్లో అతనివీ రెండే మ్యాచ్‌లు, మిగతా జీవితమంతా వేరే జట్లకి. డానీ డఫీ ఒక్కడే నిలబడ్డాడు, అదీ 2012లో మోచెయ్యి కోయించుకున్నాక.

2011 ఏప్రిల్ చివర్లో రోజర్స్‌లో ఒక స్నేహితుడి గృహప్రవేశానికి వచ్చి, సాయంత్రం ల్యాంబ్‌ని చూద్దామని స్ప్రింగ్‌డేల్ మైదానానికి వెళ్ళాను. హోమ్ ప్లేట్ వెనక రాడార్ గన్లు పట్టుకుని స్కౌట్ల వరస. నా పక్కన ఒక ముసలాయన మాత్రం గన్ తీయలేదు, చేతిలో స్టాప్‌వాచ్. ప్రతి ఇన్నింగ్స్ ముందూ క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) రెండో బేస్‌కి ఒక బంతి విసురుతాడు చూడు, అది గ్లోవులో పడగానే నొక్కుతున్నాడు, అవతలివాడి చేతిలో పడగానే ఆపుతున్నాడు, అంకె రాసుకుంటున్నాడు. ఏంటండీ అనడిగితే, రెండు సెకన్లయితే సరిపెట్టుకోవచ్చు, 1.9 లోపయితే చెయ్యి ఉన్నట్టు అన్నాడు. ఆ క్యాచర్ పేరు సాల్వడోర్ పెరేజ్. 2006లో వెనెజువెలా నుంచి 65,000 డాలర్లకి తెచ్చిన కుర్రాడు. ఆ తొమ్మిది పేర్లలో లేడు, వందలోనూ లేడు. ఆగస్టుకి పైజట్టులో ఉన్నాడు. 2015 వరల్డ్ సిరీస్ ఫైనల్లో ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు, అతనే.

అవును, గెలిచాం. వరల్డ్ సిరీస్ 2014లో ఏడో మ్యాచ్‌లో పోయింది, 2015లో వచ్చింది. కానీ ఎలా వచ్చిందో చూడు. ఆ తొమ్మిది మందిలో బ్యాటర్లు హాస్మర్, మూస్టాకస్ జాబితా చెప్పినట్టే వచ్చారు. పదో ర్యాంకు విల్ మైయర్స్‌ని ఒడరిజీ, మాంట్‌గోమరీలతో సహా 2012 డిసెంబరులో టాంపా బేకి ఇచ్చేసి పిచర్లు జేమ్స్ షీల్డ్స్‌ని, వేడ్ డేవిస్‌ని తెచ్చారు. ఊరంతా బూతులు తిట్టింది. మరుసటేడు మైయర్స్‌కి రూకీ ఆఫ్ ద ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) వస్తే ఇంకా తిట్టింది. 2015లో ఆఖరి అవుట్ తీసింది డేవిసే. ల్యాంబ్ బాగుపడ్డాక అతన్నీ ఇంకో ఇద్దరినీ సిన్సినాటికి ఇచ్చి పిచర్ జానీ క్వేటోని తెచ్చారు, 2015 ఫైనల్ రెండో మ్యాచ్‌లో న్యూయార్క్ మెట్స్‌కి రెండే హిట్లిచ్చి మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్ ఒక్కడే వేశాడు. ఆ జట్టులోనే ఉన్న లోరెంజో కేన్ అయితే 2011 జాబితాకి అర్హుడే కాడు, అప్పటికే మేజర్ లీగ్‌లో 130 అట్-బ్యాట్లు (బ్యాటింగ్ ఛాన్సులు) దాటేశాడని రూలు తీసేసింది. ఆ తొమ్మిది మందిలోనే ఉన్న క్రిస్టియన్ కొలోన్‌ని 2010 డ్రాఫ్ట్‌లో (జట్లు వరసగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట) నాలుగో పిక్‌గా తీసుకున్నప్పుడు, తర్వాత స్టార్ పిచర్ అయిన క్రిస్ సేల్ ఇంకా ఖాళీగానే ఉన్నాడు, అది నాకిప్పటికీ మండుతుంది. ఆ కొలోనే 2015 పోస్ట్‌సీజన్ (ప్లేఆఫ్‌లు) మొత్తంలో మొదటిసారి బ్యాట్ పట్టింది ఆఖరి మ్యాచ్ 12వ ఇన్నింగ్స్‌లో, గెలిచే పరుగు తెచ్చింది అతనే. మన తన్నులు తిన్న మాంట్‌గోమరీ 2016లో చికాగో కబ్స్ 108 ఏళ్ళ టైటిల్ కరువు తీరిన మ్యాచ్‌లో చివరి అవుట్ వేశాడు. ఇవన్నీ ఏ కాలమ్‌లో రాస్తావురా?

అందుకే చెప్తున్నా, పిచర్లనీ బ్యాటర్లనీ ఒకే తక్కెడలో తూయకు. పిచర్ల మీదే నిలబడ్డ సిస్టమ్‌ని ఒక మెట్టు దించి చూడు. వందలో ఎంతమందున్నారని తలలు లెక్కపెట్టకు, ఒకటో ర్యాంకుకీ పదికీ మధ్య దూరం అరవైకీ వందకీ మధ్య దూరం కంటే ఎక్కువ. స్కౌట్ల 20-80 స్కేలులో 50 అంటే మేజర్ లీగ్ సగటు కదా, 45 అనిపించుకున్నవాళ్ళు ఆరుగురిని కలిపినా ఒక 65 అవడు. జట్టులో షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) చోటు ఒక్కటే. అయితే ఆ ఆరుగురూ ట్రేడ్‌లో (జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడిలో) పనికొస్తారు, కాబట్టి లోతుకి విలువ లేదనీ అనకు. ప్రతి జట్టు కిందా ఒక వాక్యం రాయి: ఈ జూలైలో వీళ్ళు ఇంకొకరి స్టార్‌ని కొనాలంటే ఏ ఇద్దరిని ఇవ్వగలరు? అది రాయలేకపోతే ఆ జట్టు నీకింకా తెలీదన్నమాట.

ర్యాంకు పడిపోతే జట్టు పాడైందని రాసేవాళ్ళుంటారు, వాళ్ళలో చేరకు. బాల్టిమోర్ ఓరియోల్స్‌లో రట్ష్‌మన్, హెండర్సన్, హాలిడే వరసగా పైకెళ్ళారు, కింద ఖాళీ అయింది, ర్యాంకు దిగింది. దిగకపోతేనే అనుమానించాలి.

పాత జాబితాలు చెరిపేయకు, తేదీ వేసి ఉంచు. నవ్వేవాళ్ళు నవ్వుతారు.

ఇంకొకటి, కాస్త మెత్తగా చెప్తా. నువ్వు "ఫ్లాప్" అని రాసేది ఇరవై ఏళ్ళ పిల్లాడి గురించి. డఫీ 2010లో ఒకసారి ఆటే వద్దని ఇంటికెళ్ళిపోయాడు, కొన్ని నెలలకి తిరిగొచ్చాడు. 2023లో ఆటగాళ్ళ యూనియన్ ఒప్పందం కుదిరాక కూడా డబుల్-ఏ కనీస జీతం ఆ ఏడాదికి 30,250 డాలర్లే అయింది, నీ జీతంతో పోల్చి చూసుకో. వాళ్ళమ్మలు కూడా ఇవన్నీ చదువుతారు. నీ మొదటి సెమిస్టర్ మార్కులు ఎవరో పేపర్లో వేసి ఉంటే మీ అమ్మ ఏమయ్యేదో నాకు తెలుసు.

రాయల్స్ పేజీ మాత్రం అందరికంటే ముందు నాకు పంపు. పక్షపాతం ఉంటే నేనే కొడతాను, లేకపోతే నేనే కలుపుతాను. మే నెలలో మేమిద్దరం వస్తున్నాం, నేచురల్స్ మ్యాచ్‌కి హోమ్ ప్లేట్ వెనక మూడు సీట్లు చూడు. మీ పెద్దమ్మకి ఎండ పడదు, నీడ వచ్చే వరసలో తీసుకో. ఆవకాయ ఎంత తేవాలో ఆవిడకే ఫోన్ చేసి చెప్పు.

మీ పెదనాన్న
ఓవర్‌ల్యాండ్ పార్క్