ఏడేండ్లు పత్తే ఏస్తే మట్టికేమైతది?

ప్రశ్న: మాది దేవరకొండ దిక్కు ఎర్ర చెల్క. ఏడేండ్ల సంది పత్తే పెడ్తున్నం. ఎరువులు తక్కువ చెయ్యలే, అయినా చెట్లు వాడి ఎండిపోతున్నయ్. ఏ మందు కొట్టాలె?
– ఒక రైతు

జవాబు: అన్నా, ముందు ఎండిన చెట్టు ఒకటి పీకి చూడు. కాండం చీలిస్తే లోపల గోధుమ రంగు చారలుంటే అది ఫ్యుజేరియం ఎండు తెగులు, అట్ల కాకుండా లాగంగనే ఊడొచ్చి ఏర్ల తోలు పీచు లెక్క ఊడితే ఏరుకుళ్లు. రెండూ మట్టిల ఉండే బూజులే, ఆకుల మీద మందు కొడితే పోవు.

ఏర్ల నుంచి చక్కెరలు, ఆమ్లాలు కారుతయి, సూక్ష్మజీవులు వాటిమీదనే బతుకుతయి. ఏటా పత్తి ఏరే దొరికితే దానికి అలవాటైనయే పెరుగుతయి, తిండి దొరకక తక్కినయి తగ్గుతయి, ఫ్యుజేరియమైతే పంట లేకున్నా ఏండ్లకేండ్లు మట్టిల దాక్కుంటది.

వచ్చే వానకాలం జొన్నల కంది కలిపి ఎయ్యి, నా మాట విను. కంది ఏర్ల బుడిపె గోరుతో చిదిమితే లోపల ఎర్రగుంటే గాలిల నత్రజని పట్టే రైజోబియం బాక్టీరియా పని చేస్తున్నట్టే. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిల 2 కిలోల ట్రైకోడెర్మా (తెగులు బూజులను అణచే మేలు బూజు) కలిపి, నీడకు వారం పదిరోజులు తడి ఆరకుండ పెట్టి, పదునున్నప్పుడు ఎకరంల చల్లు. ఒక్క ఏడుల అంతా సక్కగైతదని మాత్రం అనుకోకు.