లైనక్స్‌లో ఓపెన్ సోర్స్ డ్రైవర్‌తో 10 బిట్ రంగు నిజంగా వస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మీరు 4కే 10 బిట్ మానిటర్ కొన్నారు, గ్రాఫిక్స్ కార్డు ఏఎండీది, డ్రైవర్ మెసా, అంటే లైనక్స్‌లో గ్రాఫిక్స్ నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. అయినా సాయంత్రం ఆకాశం ఫొటోలో చారలు పోవడం లేదు, ఓపెన్ సోర్స్ డ్రైవర్ తీసేసి వేరేది వేయాలా అని అడిగారు.

డ్రైవర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. నేను పెళ్లి ఆల్బమ్‌ల కలర్ కరెక్షన్ పనంతా లైనక్స్ మీదే చేస్తాను. ఇంట్లో ఇంటెల్ ల్యాప్‌టాప్, స్టూడియోలో ఏఎండీ కార్డున్న డెస్క్‌టాప్. రెండూ ఓపెన్ సోర్స్ డ్రైవర్లతోనే 10 బిట్‌లో నడుస్తున్నాయి. నా లెక్కలో అనుమానించాల్సిన వాటిలో డ్రైవర్‌ది చివరి స్థానం. ముందు ఫొటో, తర్వాత కేబుల్, ఆ తర్వాత ఫొటో చూపించే ప్రోగ్రామ్.

ఆ ఫొటో జేపెగ్ అయితే దాంతో పరీక్షించి లాభం లేదు. మనం వాడే జేపెగ్‌లో ఒక్కో రంగుకి 8 బిట్లే, అంటే 256 మెట్లు. మీ మానిటర్ 1024 మెట్లు చూపించగలదు, కానీ ఫైల్లోనే లేని మెట్లు అదెక్కడి నుంచి తెస్తుంది? నలుపు నుంచి తెలుపుకి మెల్లగా మారే గ్రేడియంట్‌ని 16 బిట్ పీఎన్‌జీగా తయారు చేసుకోండి, లేదా 10 బిట్‌లో తీసిన హెచ్‌ఈవీసీ వీడియో ఒకటి సంపాదించండి.

ఇక కేబుల్. చాలామంది దగ్గర సమస్య తేలేది ఇక్కడే. 4కేని 60 హెర్ట్జ్‌లో 8 బిట్‌తో పంపాలంటే హెచ్‌డీఎంఐలో 594 మెగాహెర్ట్జ్ క్లాక్ కావాలి. హెచ్‌డీఎంఐ 2.0 హద్దు 600, అంటే అప్పటికే నిండిపోయినట్టు. 10 బిట్ అంటే దానికి నాలుగో వంతు కలిపి 742.5 కావాలి, అది పట్టదు. పట్టనప్పుడు డ్రైవర్ ఏ ఎర్రరూ చూపించదు. నిశ్శబ్దంగా 8 బిట్‌కి దిగిపోతుంది, బొమ్మ మామూలుగానే కనిపిస్తుంది. మా డెస్క్‌టాప్‌లో ఇదే జరిగింది. అదే కార్డు, అదే మానిటర్, హెచ్‌డీఎంఐ బదులు డిస్‌ప్లేపోర్ట్ పెట్టగానే 10 బిట్ వచ్చింది. డిస్‌ప్లేపోర్ట్ 1.2లో సెకనుకి 17.28 గిగాబిట్ల డేటా పోతుంది. 4కే 60 హెర్ట్జ్ 10 బిట్‌కి 16 గిగాబిట్లు సరిపోతాయి.

కార్డు మీద హెచ్‌డీఎంఐ 2.1 అని రాసి ఉంది కదా అంటారేమో. ఓపెన్ సోర్స్ అయినందువల్ల నిజంగా దెబ్బ తిన్నది అక్కడే. 2.1ని తమ ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో పెడతామని ఏఎండీ అడిగితే హెచ్‌డీఎంఐ ఫోరమ్ కుదరదంది. ఈ సంగతి 2024 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. కోడ్ రాయడం రాక ఆగింది కాదు, చూపించడానికి అనుమతి లేక ఆగింది. డిస్‌ప్లేపోర్ట్‌కి ఈ తలనొప్పి లేదు.

కేబుల్ మార్చాక ఏం వెళ్తోందో లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌నే అడగండి. రూట్‌గా లాగిన్ అయి సిస్ డైరెక్టరీలో కెర్నల్, డీబగ్, డీఆర్‌ఐ ఫోల్డర్ల మీదుగా వెళ్తే, ఏఎండీ డ్రైవర్‌లో మీ కనెక్టర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ‘అవుట్‌పుట్ బీపీసీ’ అనే ఫైలు కనిపిస్తుంది. బీపీసీ అంటే ఒక్కో రంగుకి ఎన్ని బిట్లు అని. ప్రస్తుతం ఎన్ని బిట్లు వెళ్తున్నాయో, మానిటర్ ఎన్ని తీసుకోగలదో రెండు అంకెలు అందులో ఉంటాయి. కొన్ని కొత్త కెర్నల్‌లలో ప్రస్తుతం వెళ్తున్న అంకె సీఆర్‌టీసీ (మానిటర్‌కి బొమ్మ పంపే కార్డు భాగం) ఫోల్డర్‌లోకి మారింది, అక్కడ చూడండి. ఇంటెల్ అయితే ‘ఐ915 డిస్‌ప్లే ఇన్ఫో’ ఫైల్లో బీపీపీ (మూడు రంగులకీ కలిపి బిట్లు) 30 అని ఉండాలి, 24 ఉంటే 8 బిట్ అన్నమాట. తెర మీద విండోలు గీయడానికి లైనక్స్‌లోని పాత పద్ధతి ఎక్స్ వాడుతుంటే, దాని తెర సెట్టింగ్‌ల కమాండ్ ఎక్స్‌ర్యాండర్ ప్రాపర్టీలలో ‘మ్యాక్స్ బీపీసీ’ అని ఒకటుంటుంది, అదీ చూసుకోండి. పాత కెర్నల్‌లు కొన్నింటిలో ఏఎండీ డ్రైవర్ బయటి మానిటర్లకి దాన్ని 8 దగ్గరే ఉంచేది. 10కి పెంచితే చాలు.

అయితే తీగలో 10 బిట్లు వెళ్తున్నంత మాత్రాన మీ డెస్క్‌టాప్ 10 బిట్‌లో గీస్తున్నట్టు కాదు. ఎక్స్‌లో డీఫాల్ట్ డెప్త్ 24, అంటే రంగుకి 8 బిట్లు. ఎక్స్ కాన్ఫిగ్ ఫైలు స్క్రీన్ సెక్షన్‌లో దాన్ని 30 చేసి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఇది సాఫీగా నడవడం మొదలైంది 2018 నుంచే. ఆ ఏడాది మే నెలలో వచ్చిన ఎక్స్ సర్వర్ 1.20లో గ్లామర్‌కి, అంటే కార్డుతో బొమ్మలు గీయించే భాగానికి, 30 డెప్త్ సపోర్ట్ వచ్చింది. మెసాలో 10 బిట్ కోసం ఎక్కువ కష్టపడ్డది మారియో క్లైనర్. ఆయన కంటిచూపు ప్రయోగాలకి వాడే సైక్‌టూల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ నడిపేవారిలో ఒకరు. మనిషి కన్ను ఎంత చిన్న వెలుగు తేడాని పట్టగలదో కొలవాలంటే 256 మెట్లు చాలవు మరి. గేమర్ల కంటే ముందు పరిశోధకులకే ఇది అత్యవసరమైంది.

డెప్త్ 30 పెట్టాక కొన్ని ప్రోగ్రామ్‌లు వింతగా ప్రవర్తిస్తాయి. ఎందుకంటే 32 బిట్లలో మూడు రంగులకి పదేసి పోతే పారదర్శకతకి మిగిలేది 2 బిట్లు, అంటే నాలుగే స్థాయిలు. పాత ప్రోగ్రామ్ 8 బిట్ ఆల్ఫా (పారదర్శకత) ఉందనుకుని గీస్తే నీడలు, అంచులు పాడవుతాయి, లేదా రంగులే తారుమారవుతాయి. అలాంటి ఒక్క ప్రోగ్రామ్ కోసం మొత్తం డెప్త్ తగ్గించక్కర్లేదు. మెసాలో ‘అలౌ ఆర్‌జీబీ10 కాన్ఫిగ్స్’ అనే ఆప్షన్‌ని దానికొక్కదానికి ఫాల్స్ చేయండి. ఎక్స్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి వేలాండ్‌లో ఈ గొడవ తక్కువ, ఏ విండో ఏ ఫార్మాట్‌లో కావాలో అదే అడుగుతుంది. కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ 5.24 నుంచి వేలాండ్‌లో 8 బిట్ కంటే ఎక్కువ రంగు పంపగలదు. వేలాండ్ మీద నడిచే మరో డెస్క్‌టాప్ స్వే అయితే అవుట్‌పుట్ సెట్టింగ్‌లో రెండర్ బిట్ డెప్త్ 10 అని మీరే రాయాలి. మీకు కుదిరితే వేలాండ్‌కే వెళ్లమంటాను.

ఫొటో ప్రోగ్రామ్‌ల మీద మాత్రం పెద్ద ఆశలు వద్దు. గింప్‌లో 16, 32 బిట్ల లెక్కతో ఎడిట్ చేయొచ్చు కానీ తెర మీదకి పంపేది 8 బిట్ బొమ్మే. అందుకే పరీక్షకి నేను ఎంపీవీ అనే వీడియో ప్లేయర్ వాడతాను. ఇక్కడా ఒక కిటుకుంది. ఎంపీవీ డిథరింగ్ చేస్తే, అంటే దగ్గరి ఛాయల చుక్కలు కలిపి లేని ఛాయని భ్రమింపజేస్తే, 8 బిట్‌లో కూడా గ్రేడియంట్ నున్నగా కనిపించి మోసం చేస్తుంది. డిథరింగ్ పూర్తిగా ఆపి 10 బిట్ వీడియో ఆడించండి. డెప్త్ 24లో చారలు కనిపించి, 30లో పోతే మీ దారంతా శుభ్రంగా ఉన్నట్టే.

మీ మానిటర్ ప్యానెల్ 8 బిట్ ప్లస్ ఎఫ్‌ఆర్‌సీ అయినా కంగారు పడకండి. పక్కపక్క రెండు ఛాయల మధ్య వేగంగా మారుతూ మధ్య ఛాయ చూపిస్తుంది. నా స్టూడియోలోదీ అలాంటిదే, ప్రింట్‌తో పోల్చి చూసినప్పుడు పనికి ఏ ఇబ్బందీ కనిపించలేదు.

ఏ పోర్ట్‌కి పెట్టారో, ఆ ఫైల్లో రెండు అంకెలు ఎంతెంత వచ్చాయో కింద రాయండి, అప్పుడు చూద్దాం.