నర్సింగ్ చదవాలంటే లైసెన్సు దగ్గర్నుంచి వెనక్కి లెక్కేసుకోండి

“అక్కా, హెచ్-4 మీద వచ్చాను. బీఎస్సీ బయోటెక్నాలజీ చేశాను. బాబుకి మూడేళ్లు. ఇక్కడ నర్సింగ్ చదవొచ్చా?”

నెలకి ఇద్దరైనా నన్నీ మాట అడుగుతారు. డాలస్ పక్కన ఉంటూ, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసే తెలుగు నర్సుని కాబట్టి అడుగుతారు మరి.

చదవొచ్చమ్మా. హెచ్-4 మీద, అంటే హెచ్-1 ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల జీవిత భాగస్వామిగా అమెరికా వచ్చినవాళ్లు, చదువు కోసం ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాల్సిన పని కూడా లేదు. చిక్కంతా చదివాక వస్తుంది. అందుకే కాలేజీల జాబితా తీసేముందు లైసెన్సు దగ్గర్నుంచి వెనక్కి లెక్కేసుకోమంటాను.

ఇక్కడ లైసెన్సు రాష్ట్రం నర్సింగ్ బోర్డు ఇస్తుంది. దరఖాస్తులో సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు. ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, లేని హెచ్-4కి ఆ నంబరు రాదు. కాలిఫోర్నియాలో అయితే పన్నుల కోసం ఇచ్చే ఐటిన్ నంబరుతో సరిపెడతారు, కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోవు. ఒకే లైసెన్సుతో చాలా రాష్ట్రాల్లో పనిచేసుకునే కాంపాక్ట్ లైసెన్సుకైతే సోషల్ ఉండి తీరాలి. లైసెన్సు చేతికొచ్చినా ఉద్యోగానికి మళ్లీ ఈఏడీ కావాలి. దానికి మామూలుగా మీ ఆయన ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, ఆమోదం అయి ఉండాలి. ఆస్పత్రివాళ్లే హెచ్-1 చేస్తారులే అనుకోకండి. వార్డు నర్సు పనికి రెండేళ్ల డిగ్రీ చాలు కాబట్టి హెచ్-1 దొరకడం బాగా అరుదు.

నేను 2013లో మొదటి క్లాసులో కూర్చున్నప్పుడు ఇవేవీ తెలియవు. చదువు సగంలో ఉండగా 2015లో హెచ్-4 వాళ్లకి ఈఏడీ ఇవ్వడం మొదలైంది, మా ఆయన ఐ-140 అప్పటికే అయిపోయింది, గట్టెక్కాను. లేకపోతే నా డిగ్రీ సూట్‌కేసులోనే ఉండేది. మీ ఇంట్లో ఐ-140 ఎక్కడుందో ఈ రాత్రే అడిగి తెలుసుకోండి.

ఇండియా నుంచి ఎఫ్-1 మీద నేరుగా రావాలనుకునేవాళ్లకి ఇంకో మాట. నర్సింగ్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల) చదువుల జాబితాలో లేదు, కాబట్టి చదివాక ఇక్కడ పనిచేయనిచ్చే ఓపీటీ ఏడాదితో సరి. నర్సులకి గ్రీన్‌కార్డు తేలిక అని కన్సల్టెన్సీల వాళ్లు ఊదరగొడతారు. ఆ పనికి అమెరికన్లు దొరకలేదని చూపించే లేబర్ సర్టిఫికేషన్ అక్కర్లేదన్నంత వరకు నిజమే. తర్వాత నిలబడేది మాత్రం ఇండియావాళ్లందరూ నిలబడ్డ ఆ ఈబీ-3 ఉద్యోగ గ్రీన్‌కార్డు క్యూలోనే.

ఇక ఏ చదువు? కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల ఏడీఎన్ (అసోసియేట్ డిగ్రీ), యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎస్ఎన్ (బ్యాచిలర్స్ డిగ్రీ), వేరే డిగ్రీ ఉన్నవాళ్లకి ఏడాది, ఏడాదిన్నరలో అయిపోయే యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్. మూడింటిలో ఏది చేసినా లైసెన్సు కోసం రాసేది ఒకటే ఎన్‌క్లెక్స్ పరీక్ష. చంటిపిల్లలున్న తల్లికి నేను ఏడీఎనే చెబుతాను. ఉద్యోగంలో చేరాక బీఎస్ఎన్ ఆన్‌లైన్‌లో పూర్తి చేసుకోవచ్చు, నేనూ అలాగే చేశాను. యాక్సిలరేటెడ్‌లో ఊపిరి సలపదు. పైగా మన మూడేళ్ల డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు పూర్తి బ్యాచిలర్స్‌గా లెక్కేయవు. ప్రైవేటులో అయితే ఫీజు యాభై అరవై వేల డాలర్లు దాటొచ్చు, హెచ్-4 వాళ్లకి ఫెడరల్ సాయం పైసా రాదు. ఏ కాలేజీ అయినా రాష్ట్రం బోర్డు గుర్తింపు, దాంతోపాటు నర్సింగ్ చదువుల నాణ్యత చూసే సీసీఎన్ఈ గానీ ఏసీఈఎన్ గానీ ఇచ్చే అక్రెడిటేషన్ ఉన్నాయో లేదో చూడందే ఒక్క డాలరు కట్టకండి.

నర్సింగ్ సీటుకి ముందు ప్రీరిక్విజిట్లు, అంటే ముందే పూర్తిచేయాల్సిన సబ్జెక్టులు, ఉంటాయి. అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ, కొన్నిచోట్ల కెమిస్ట్రీ, న్యూట్రిషన్. సైన్సు సబ్జెక్టులకి ల్యాబ్ తప్పనిసరి. చాలాచోట్ల అవి అయిదేళ్లో ఏడేళ్లో దాటితే చెల్లవు. నేను డిగ్రీలో మూడేళ్లు మైక్రోబయాలజీ చదివినదాన్ని. బ్యాక్టీరియాకి రంగు వేసి చూసే గ్రామ్ స్టెయినింగ్ చేసి చేసి వేళ్లకి అంటిన ఊదారంగు వారం పోయేది కాదు. ఇక్కడి కాలేజీ కౌన్సెలర్ నా మార్కుల జాబితా అటూ ఇటూ తిప్పి “ల్యాబ్ క్రెడిట్లు విడిగా కనిపించడం లేదు” అంది. ఇండియా నుంచి సీలు కవరులో ట్రాన్‌స్క్రిప్టులు తెప్పించడానికి నాలుగు నెలలు, మన చదువుని ఇక్కడి లెక్కలోకి మార్చే ఎవాల్యుయేషన్‌కి డబ్బులు, ఇంత చేసీ మళ్లీ మొదటి నుంచి మైక్రోబయాలజీ! అదే గ్రామ్ స్టెయిన్, అదే ఊదారంగు. ‘ఏ’ గ్రేడు వచ్చిందనుకోండి, అది వేరే సంగతి. కాబట్టి ఎవాల్యుయేషన్ చేయిస్తే కోర్సు బై కోర్సు చేయించండి, సబ్జెక్టు పాతదైతే మాత్రం పోరాడకుండా మళ్లీ చదివేయండి. సీటిచ్చేటప్పుడు చూసేది ఆ గ్రేడ్లూ, టీస్ అనే ప్రవేశ పరీక్షా. టీస్‌లో లెక్కలు మనవాళ్లకి మంచినీళ్లప్రాయం, ఇంగ్లిష్ గ్రామరు దగ్గరే జారతారు.

సీటొచ్చాక టీకాల కాగితాలు అడుగుతారు. మన ఎడమ జబ్బ మీద బీసీజీ మచ్చ ఉంటుంది చూడండి, ఆ టీకా వల్ల టీబీ లేకపోయినా మనలో కొందరికి టీబీ చర్మ పరీక్ష ఉబ్బొచ్చు. సూది వేయించుకుని మూడోరోజుకి చూపిస్తే నాది చింతగింజంత గట్టిగా లేచింది. నర్సమ్మ ముఖం మారిపోయింది, నన్ను ఎక్స్‌రేకి పంపించారు, క్లినికల్స్ (ఆస్పత్రిలో చేసే శిక్షణ) మొదలయ్యే వారం అంతా గుండె దడ. మీరు ముందే, చర్మ పరీక్ష బదులు క్వాంటిఫెరాన్ అనే టీబీ రక్తపరీక్ష చేస్తారా అని అడగండి. బీసీజీ దాన్ని ఏమార్చలేదు. హెపటైటిస్ బి మామూలుగా మూడు డోసులు, ఆరు నెలలు పడుతుంది. సీటు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే.

చదువు గురించి చెప్పాలంటే, మన దగ్గర అరవై దాటితే ఫస్ట్ క్లాసని స్వీట్లు పంచుతాం. ఇక్కడ చాలా నర్సింగ్ కాలేజీల్లో 75 రాకపోతే ఫెయిలే. మందుల మోతాదు లెక్కల పరీక్షలో అయితే 90 పైన తెచ్చుకోవాలి. బట్టీ పనికిరాదు. ప్రశ్న ఇలా ఉంటుంది: నలుగురు రోగులున్నారు. ఒకాయన మోకాలి ఆపరేషన్ నొప్పితో అరుస్తున్నాడు, ఒకామెకి డిశ్చార్జి కాగితాలు కావాలి, ఒకాయనకి షుగర్ 210 ఉంది, థైరాయిడ్ ఆపరేషన్ అయిన ఇంకొకామె ఊపిరి పీలుస్తుంటే గొంతులో కీచుమంటోంది. ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు? అరిచేవాడి దగ్గరికి పరిగెత్తబుద్ధేస్తుంది. వెళ్లాల్సింది కీచుమనే ఆమె దగ్గరికి, ఊపిరితిత్తుల దాకా దారి మూసుకుపోతోంది. నాలుగు సెమిస్టర్లూ నేర్పేది ఇదే. ఎన్‌క్లెక్స్‌లో ఇలాంటివి కనీసం 85, ఎక్కువలో ఎక్కువ 150 ఇస్తారు.

క్లినికల్స్ మొదటి రోజు నాకిచ్చిన పని ఒక ఎనభై ఏళ్ల తాతగారికి మంచం మీదే స్నానం చేయించడం. చేతులు వణికాయి. ఆయనే నవ్వి, “తల్లీ, ముందు నీళ్లు వేడిగా ఉన్నాయో లేదో చూడు” అన్నట్టు ఏదో అన్నాడు. మా ఇంట్లో అప్పటిదాకా “ఇంజనీరు పెళ్లానివి, బెడ్‌పాన్లు ఎత్తుతావా?” అన్నవాళ్లున్నారు. మా అత్తగారికి తుంటి ఎముక విరిగినప్పుడు ఆ మాట ఆగిపోయింది. మలయాళీలు ఎన్నో ఏళ్ల కిందటే ఈ వృత్తిలో కుదురుకున్నారు, మా వార్డులో సగం మంది ఆంటీలు కొట్టాయంవాళ్లే. మనమే ఇంకా ఎవరేమంటారో చూసుకుంటున్నాం.

జీఎన్ఎమ్మో (నర్సింగ్ డిప్లొమా) బీఎస్సీ నర్సింగో ఇండియాలోనే చేసినవాళ్లు మామూలుగా మళ్లీ కాలేజీకి వెళ్లక్కర్లేదు. విదేశీ నర్సుల చదువుని పరిశీలించే సీజీఎఫ్ఎన్ఎస్ (ఇప్పుడు పేరు ట్రూమెరిట్) లాంటి సంస్థ ద్వారా చదువు మూల్యాంకనం చేయించుకుని, రాష్ట్రం బోర్డు నుంచి ఎన్‌క్లెక్స్ రాయడానికి అనుమతి తెచ్చుకోవాలి.

మిగతావాళ్లు వచ్చే సెమిస్టరుకి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ ఒక్కటి తీసుకోండి. బాబుని చూసుకుంటూ 206 ఎముకల పేర్లు పట్టుకోగలిగితే మిగతాది చూసుకుందాం. ఈలోపు అమ్మకి ఫోన్ చేసి, బీరువాలో మీ చిన్నప్పటి టీకాల కార్డు ఉందేమో వెతకమనండి.