వార్డులో నర్సుల దినోత్సవం

ప్రశ్న: మే 12న మా వార్డులో ఏటా కేక్ కోస్తాం. సగంమంది సిస్టర్లు రాలేకపోతున్నారు. డాక్టర్లుగా మేమేం చేయాలి? – ఒక జూనియర్ డాక్టర్

జవాబు: ఆధునిక నర్సింగ్‌కు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820లో పుట్టిన రోజది. ముందు వేళ మార్చండి. షిఫ్టు మారేటప్పుడు మాత్రం వేడుక పెట్టొద్దు. ఏ బెడ్‌కి ఏ మందు పడింది, ఎవరి డ్రెయిన్‌లో (ఒంట్లోని ద్రవాన్ని బయటికి తీసే గొట్టం) ఎంత వచ్చింది అన్నది ఒకరి నుంచి ఒకరికి అందేది అప్పుడే. ఒక్క మాట జారినా యాంటీబయాటిక్ రెండుసార్లు పడొచ్చు, అసలు పడకపోవచ్చు. మందుల రౌండ్ అయ్యాక అరగంట చాలు. ఆ కాసేపు కాల్ బెల్స్, సెలైన్ బాటిళ్లు ఇద్దరు డాక్టర్లు చూసుకోండి. నైట్ సిస్టర్లకు మిగిలిన ముక్క పంపడం మర్యాద కాదు, వాళ్లకూ కొత్త కేకే కోయాలి.

కానీ ఏడాది పొడవునా వాళ్లకు కావలసింది కేస్‌షీట్‌లో అర్థమయ్యే రాత. మందు పేరు, డోసు, నోటి ద్వారానా ఇంజెక్షనా, ఏ వేళకు, కింద సంతకం. ఫోన్‌లో ఆర్డర్ చెబితే సిస్టర్ తిరిగి చదివి వినిపించేదాకా పెట్టేయకండి. ఇన్సులిన్ రాసేటప్పుడు మరీ జాగ్రత్త: ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయండి. ఒట్టి ఇంగ్లిష్ ‘U’ అక్షరం గీసేస్తే సున్నాలా కనబడి 4 కాస్తా 40 అవుతుంది.