క్రాక్ కాపీలో డిజైన్ చేస్తే కేసు నా మీదికి వస్తుందా?

ప్రశ్న: విజయవాడలో ఒక చిన్న స్ట్రక్చరల్ కన్సల్టెన్సీలో పనిచేస్తున్నాను. అపార్ట్‌మెంట్లన్నీ స్టాడ్‌ప్రో అనే బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత క్రాక్ వెర్షన్‌లోనే (లైసెన్సు లేని దొంగ కాపీ) డిజైన్ చేస్తాం. సంతకం మా సార్‌ది. రేపు కేసయితే నా మీదికి వస్తుందా? సొంతంగా ఆఫీసు పెట్టాలనుంది, లైసెన్సు రేటు చూస్తే టెన్షన్ వస్తోంది.
- ఒక యువ ఇంజినీరు

జవాబు: రావచ్చు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్లో వాడినవాళ్ల గురించే చెబుతుంది. సంతకం ఎవరిదన్న ప్రసక్తి అందులో లేదు. 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. సంపాదన కోసం వాడలేదంటే కోర్టు జైలు లేకుండా వదిలే వీలుంది. మీరు చేసేది ఫీజు తీసుకునే పని.

కేసుకన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది, మీ దగ్గరున్నది పాత వెర్షన్ కావడం. భూకంపాల కోడ్ ఐఎస్ 1893ని 2016లో సవరించారు. కాంక్రీటు పగుళ్లిస్తుంది కాబట్టి లెక్కల్లో కాలమ్‌కి 70 శాతం, బీముకి 35 శాతం మొమెంట్ ఆఫ్ ఇనర్షియానే (వంగకుండా నిలిచే గట్టిదనం లెక్క) తీసుకోవాలన్నది అప్పుడు వచ్చిందే. అంతకుముందు విడుదలైన వెర్షన్‌కి 2002 కోడే తెలుసు, క్రాక్ కాపీకి అప్‌డేట్ రాదు. ఆ తగ్గింపు మీరు చేత్తో ఇస్తున్నారా? ఇవ్వకపోతే బిల్డింగు పక్కకు ఊగడం అసలుకన్నా తక్కువ కనిపిస్తుంది. కింద పార్కింగ్ వదిలేసిన మన అపార్ట్‌మెంట్లలో ఆ ఊగుడు చాలావరకు కింది కాలమ్స్ మీదే పడుతుంది. పైగా 2016 కోడ్ ప్రకారం విజయవాడ ఉన్నది ఓ మోస్తరు భూకంప ప్రమాదం ఉండే జోన్ 3లో. అప్పు చేసి అక్కడ ఫ్లాటు కొనుక్కున్నవాళ్లకి ఇదంతా తెలిసే దారే లేదు, నా బాధంతా అదే. పాత ఫైళ్లు తీసి మీ సార్ ముందు పెట్టండి. లైసెన్సు సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు, ఇది ఆగే పని కాదు.

ఇక సొంత ఆఫీసు. మొదటి రోజే అన్నీ కొనక్కర్లేదు. స్టీలు కనెక్షన్లకి ఐఐటీ బాంబే వాళ్ల ఓస్డాగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, స్టీలు కోడ్ ఐఎస్ 800:2007 ప్రకారమే చేస్తుంది. డ్రాయింగులకి ఉచితంగా దొరికే లిబ్రేక్యాడ్ చాలు, ఆర్కిటెక్టుని అందులో తెరుచుకునే డీఎక్స్‌ఎఫ్ ఫైలు పంపమని అడగండి. నీటి పైపులైన్ల పని వస్తే ఈపానెట్ ఉంది, అదీ ఉచితమే. కాంక్రీటు ఫ్రేములకి మాత్రం ఒక్క లైసెన్సు తీసుకుని, ఆ ఖర్చు ఫీజులో కలిపి కొటేషన్ ఇవ్వండి. కాలేజీ మెయిల్‌తో వచ్చే స్టూడెంట్ లైసెన్సు జోలికి వెళ్లకండి, ఫీజు తీసుకునే పనికి అది చెల్లదు.