టీవీ పెట్టె మీది పదాలు

ప్రశ్న: విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఉన్న మా ఇంటి హాలులోకి పగలంతా కిటికీల నుంచి వెలుతురు బాగా వస్తుంది. కొత్త టీవీ కోసం వెళితే దుకాణాలలో ఓఎల్ఈడీ, క్యూఎల్ఈడీ, హెచ్‌డీఆర్, 120 హెర్ట్జ్ అంటున్నారు. వీటిలో మాకు పనికివచ్చేవి ఏవి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు వెలుతురు సంగతి ప్రస్తావించడం మంచిదైంది, ఎంపిక అక్కడే మొదలవుతుంది. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ (తెర మీద చిత్రాన్ని కూర్చే చిన్న చుక్క) తానే వెలుగుతుంది, అవసరం లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది; అందువల్ల చీకటి గదిలో నలుపు అచ్చమైన నలుపుగా కనిపిస్తుంది. క్యూఎల్ఈడీ పేరు దానికి దగ్గరగా ఉన్నా, అది వెనుక దీపాలున్న ఎల్‌సీడీ తెరే. క్వాంటమ్ డాట్లు అనే అతిసూక్ష్మ కణాల పొర దాని రంగులకు స్వచ్ఛతనిస్తుంది. మీ హాలుకు తగినంత కాంతినిచ్చే క్యూఎల్ఈడీయే నయమని నా అభిప్రాయం.

హెచ్‌డీఆర్ అంటే ఒకే దృశ్యంలోని మిరుమిట్లలోనూ నీడలలోనూ వివరాలు చెదరకుండా నిలిపే పద్ధతి. పెట్టె మీద ఆ ముద్ర ఉన్నంత మాత్రాన సరిపోదు. హెచ్‌డీఆర్ సంకేతాన్ని స్వీకరించినా, దానికి తగిన కాంతి లేని తెరలు చవక రకాలలో ఉంటాయి. కాబట్టి కాంతి ఎన్ని నిట్స్ (తెర వెలుగును కొలిచే ప్రమాణం) అన్నది తప్పక అడగండి, స్పష్టమైన జవాబు వచ్చేవరకు డబ్బు కట్టకండి.

120 హెర్ట్జ్ తెర సెకనుకు 120 సార్లు చిత్రాన్ని మార్చగలదు. సినిమాలను సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు కనుక ఇందులో ప్రతి ఫ్రేమూ సమానంగా ఐదుసార్లు కనిపిస్తుంది. 60 హెర్ట్జ్‌లో అలా కుదరక కదలిక కొద్దిగా తడబడవచ్చు. వార్తలు, సీరియళ్లు మాత్రమే చూసేవారు దీనికోసం అదనంగా ఖర్చు పెట్టనక్కరలేదు.